ఎర్రసిరా తగలని పేరా

సోమవారం, భోజనాలయ్యాక

ఏడో తరగతి టీచరమ్మ గారికి,

నమస్కారం. మీ తరగతిలో రెండో వరసలో కూర్చుని, అడగని ప్రశ్నలకి కూడా చెయ్యెత్తే పిల్ల ఒకతి ఉంది కదా, నేను దాని తాతయ్యను. ఇంట్లో మేం దాన్ని పిట్ట అంటాం. ఈ వీధి చివర ఉండిన అచ్చాఫీసులో ముప్పై ఎనిమిదేళ్లు ప్రూఫ్‌రీడరుగా పనిచేశాను. అచ్చయ్యే ప్రతి కాగితాన్నీ ముందే చదివి, తప్పులు దిద్ది, మూలన సంతకం పెట్టేవాణ్ణి. నా సంతకం పడందే మెషీను తిరిగేది కాదు.

మీరు పిల్లల చేత ‘మా వీధి’ అని వెబ్‌సైటు తయారు చేయిస్తున్నారని పిట్ట చెప్పింది. ఒక్కొక్కరు ఒక్కో కొట్టుకి వెళ్లి, అడిగి తెలుసుకుని, ఒక్కో పేజీ రాస్తున్నారట. చాలా సంతోషం. మావాడి చేత పదకొండు పేజీలూ కాగితం మీద తీయించుకుని, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను. మొత్తం నూట అరవై నాలుగు తప్పులు తేలాయి. అన్నీ ఎర్రసిరాతో దిద్ది ఇందులో పెట్టి పంపుతున్నాను. కంగారు పడకండి. మా కాలంలో పెద్దపెద్ద పండితులు రాసిన వాటిలో ఇంతకంటే ఎక్కువే దొరికేవి.

ఒక్క సంగతి మాత్రం తెలియజేయండి. తప్పొప్పుల పట్టిక ఎక్కడ వేస్తున్నారు? ఆఖరి పేజీలోనా, విడిగా చీటీ అంటిస్తారా? చీటీ అయితే గమ్ము కొంచెం మంచిది వాడించండి. ఊడి పడిపోతే తప్పు మిగులుతుంది, ఒప్పు పోతుంది.

ఇట్లు,
పిట్ట తాతయ్య

తా.క. కవరు అంటించి పంపుతున్నాను. దీన్ని తెచ్చే పోస్టుమాను రెండో వరసలోనే కూర్చుంటుంది. దానికి ఇతరుల ఉత్తరాలు చదివే అలవాటు ఉంది.


మంగళవారం, బడి వదిలాక

పిట్ట తాతయ్య గారికి,

నమస్కారం. మీ కాగితాలు అందాయి. వాటిని గోడకి అంటించాం. ఎవరి పేజీలో ఎర్రసిరా ఎక్కువ ఉందో పిల్లలు లెక్క పెట్టుకున్నారు. మంగలిషాపు పేజీ రాసినవాడికి మొదటి స్థానం వచ్చింది. వాడికి బడిలో ఏదైనా మొదటి స్థానం రావడం ఇదే మొదలు. ఇంటికి వెళ్లి గొప్పగా చెప్పుకున్నాడట.

మా దగ్గర తప్పొప్పుల పట్టిక ఉండదండీ. ఇది ఒకసారి అచ్చయి ఆగిపోయేది కాదు. పిల్లలు రోజూ మారుస్తూనే ఉంటారు. మీ కాగితాలు వచ్చేసరికే అందులో అరవై దాకా వాళ్లే దిద్దేసుకున్నారు. నేను మాత్రం ఒక్క అక్షరం కూడా దిద్దను. అది మా పద్ధతి. తప్పు ఎవరిదో వాళ్లే మార్చాలి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో ‘మార్పుల పేజీ’లో రాయాలి. ప్రతి విషయం కిందా అది ఎవరు చెప్పారో కూడా రాయాలి. మార్చాలంటే ఒక నోరు చాలదు, రెండో నోరు కూడా అదే చెప్పాలి.

ఇంత తతంగం దేనికని మీరు అడగొచ్చు. నోటుబుక్కులో రాస్తే చదివేది నేనొక్కదాన్నే. నేను ఎర్రగీత పెడితే పిల్లలు మార్కులు చూసుకుని పుస్తకం మూసేస్తారు. పన్నెండేళ్లు అలాగే చేశాను. వెబ్‌సైటు అయితే ఎవరి గురించి రాశారో వాళ్లే చదువుతారు. దర్జీ గారు మొన్న బడికి వచ్చి, “నాకు కుట్టుపని నేర్పింది మా నాన్న కాదమ్మా, మా అమ్మ” అన్నారు. ఆ పేజీ రాసిన అమ్మాయి మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్లి, గంటసేపు కూర్చుని, అంతా కొత్తగా రాసింది. మూడేళ్లలో ఆ పిల్ల రాసిన వాక్యాన్ని మళ్ళీ ముట్టుకోవడం నేను చూడలేదు.

నమస్కారాలతో,
పిట్ట టీచరు

తా.క. మీ సవరణల్లో ఏడింటిని పిల్లలు ఒప్పుకోలేదు. దర్జీ గారు టేపు లేకుండా, మనిషి నడిచి వస్తుంటే చూసి కొలతలు చెప్పేస్తారన్న వాక్యాన్ని మీరు ‘అసంభవం’ అని కొట్టేశారు. పిల్లలు వెళ్లి పరీక్ష పెట్టారు. సరిగ్గా అప్పుడే మీరు ఎదురుగా నడిచి వెళ్తున్నారట. “నడుము ముప్పై ఎనిమిది. కుడి భుజం ఎడమదానికంటే అర అంగుళం కిందికి ఉంది. కాగితాల మీద వంగి పనిచేసిన మనిషి” అన్నారట ఆయన. సరేనా?


గురువారం, ఉదయం

టీచరమ్మ గారికి,

నడుము ముప్పై ఆరు. భుజం సంగతి ఒప్పుకుంటున్నాను.

ఇక అసలు విషయం. నిన్న మళ్ళీ పేజీలన్నీ కాగితాల మీద తీయించాను. సగం మారిపోయి ఉన్నాయి. నేను దిద్దినవి కొన్ని పోయాయి, నేను చూడని తప్పులు కొత్తగా పుట్టాయి. అంటే మీరు వారంలో రెండోసారి అచ్చు వేశారన్నమాట. మరి మొదటి అచ్చు ప్రతులు ఏవి? తప్పుల ప్రతి ఒక్కటి బయట మిగిలినా చాలు, పదేళ్ల తర్వాత ఎవడో దాన్ని పట్టుకొచ్చి మొహం మీద పెడతాడు. మా ఆఫీసులో చెడిపోయిన ప్రతులను నా కళ్ళముందే చింపించేవాణ్ణి.

అందుకని నిన్న సాయంత్రం నేనే మీ బడి గేటు దగ్గరికి వచ్చాను. మీరు వెళ్లిపోయారు. “పాత ప్రతులు ఉంటే ఇవ్వు నాయనా, నేను చూసుకుంటాను” అని వాచ్‌మన్‌ని అడిగాను. మర్యాదస్తుడు, లోపలికి వెళ్లి పెద్ద కట్ట తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి విప్పి చూస్తే అవి తొమ్మిదో తరగతి భూగోళం పరీక్ష పేపర్లు. చేతికొచ్చిన కాగితాన్ని దిద్దకుండా వదలడం నాకు చేతకాదు. అన్నీ దిద్ది పంపుతున్నాను. ఒకబ్బాయి నదిని కొండమీదికి ఎక్కించాడు. కానీ ఎక్కిన తీరు చాలా బాగా రాశాడు. ఆ అబ్బాయి మీద దయ ఉంచమనండి.

మీ మార్పుల పేజీ మాత్రం నాకు నచ్చలేదు. తప్పు దిద్దాక పాత తప్పుని పక్కనే నిలబెట్టి ఊరందరికీ చూపించడం ఏం మర్యాద? దిద్దాం, అయిపోయింది, దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు. నా పద్ధతి అదీ.

పిట్ట రాసిన అచ్చాఫీసు పేజీ కూడా దిద్ది పంపుతున్నాను. సొంతమనిషి అని చూడలేదు. ఇరవై తొమ్మిది తప్పులు.

ఇట్లు,
పిట్ట తాతయ్య

తా.క. దర్జీ నన్ను చూసిన రోజు నేను లోపల బనియను మీద బనియను వేసుకున్నాను. అది కూడా మార్పుల పేజీలో రాయించండి.


శుక్రవారం, మధ్యాహ్నం విరామంలో

పిట్ట తాతయ్య గారికి,

భూగోళం టీచరు గారు మిమ్మల్ని కలవాలంటున్నారు. కోపంతోనో సంతోషంతోనో ఆయన మొహం చూసి చెప్పడం కష్టం. ఆయన రెండు వారాలుగా వాయిదా వేస్తున్న పనిని మీరు ఒక్క సాయంత్రంలో ముగించారు.

అచ్చు సంగతి నేను సరిగ్గా చెప్పలేదు, క్షమించండి. వెబ్‌సైటుకి ప్రతులు ఉండవు. పేజీ ఒక్కటే, అది తెర మీద ఉంటుంది. చూసే ప్రతివాళ్లూ ఆ ఒక్కదాన్నే చూస్తారు. దాన్ని మారిస్తే అందరికీ మారుతుంది. కాగితాల మీద ఉన్నది మీ ఇంట్లో మాత్రమే. ప్రపంచంలో ‘మా వీధి’కి తప్పుల ప్రతులు ఎవరి దగ్గరైనా ఉన్నాయంటే, అవి మీ దగ్గరే ఉన్నాయి.

పిట్ట పేజీ గురించి చిన్న సందేహం. పిట్ట పక్కన కూర్చునే అమ్మాయిని మేం ‘ఎందుకు’ అని పిలుస్తాం, ఎందుకో మీరే ఊహించుకోండి. ఆ పిల్ల మీరు దిద్దిన కాగితాన్ని వెలుగుకి పెట్టి చూసి, “టీచర్, మూడో పేరాలో ఒక్క ఎర్రచుక్క కూడా లేదు, ఎందుకు?” అని అడిగింది. ఆ పేరా ఇది:

“ముప్పై ఎనిమిదేళ్లలో మా తాతయ్య కళ్ళు దాటి ఒక్క తప్పు కూడా బయటికి పోలేదు. ఒకే ఒక్కసారి బస్సుల టైంటేబుల్ తప్పుగా అచ్చయింది. అది కంపోజిటర్ చేసిన తప్పు. అది కంపోజిటర్ చేసిన తప్పు. అందుకని ఆయన్ని పనిలోంచి తీసేశారు. చెప్పినవారు: మా తాతయ్య.”

ఒకే వాక్యం రెండుసార్లు పడింది, చూశారా? పిట్ట టైపు చేస్తూ పొరపాటున రెండుసార్లు పెట్టింది. ఇది నాకు కూడా కనబడింది. మంగలిషాపు పేజీలో చుక్క పక్కన చుక్కని పట్టుకున్న మీకు కనబడకుండా ఎలా పోయింది? ఆ ‘ఎందుకు’కి నేను జవాబు చెప్పలేకపోయాను.

నమస్కారాలతో,
పిట్ట టీచరు

తా.క. పిట్ట మాత్రం వెంటనే జవాబు చెప్పేసింది. “ఎర్రసిరా లేదంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. మా తాతయ్య ఒప్పుకున్నారన్నమాట” అంది.


శనివారం

టీచరమ్మ గారికి,

అచ్చాఫీసు పేజీని తీసేయించండి. ఆ ఆఫీసు మూతపడి చాలాకాలమైంది, అక్కడిప్పుడు పరుపుల కొట్టు ఉంది. పిల్లలు పరుపుల గురించి రాస్తే నలుగురికీ పనికొస్తుంది.

మీరు ఇంతకు మించి అడగవద్దు.

ఇట్లు,
పిట్ట తాతయ్య

తా.క. ఏమీ లేదు.


సోమవారం, బడి వదిలాక

పిట్ట తాతయ్య గారికి,

మీ ఉత్తరం చదివి నాకు మనసంతా ఎలాగో అయింది. మీరు నొచ్చుకున్నారని అర్థమైంది. ఎందుకు నొచ్చుకున్నారో కూడా పిల్లలూ నేనూ కలిసి ఆలోచించి కనిపెట్టాం.

ముప్పై ఎనిమిదేళ్ల పనిని ఎక్కడో మూడో పేరాలో, మూడు ముక్కల్లో చెప్పి సరిపెట్టేశాం. అదీ మెషీన్ల వివరాల కింద. ఎవరికైనా బాధగానే ఉంటుంది. అందుకని వెంటనే సరిచేశాం. ‘ఒక్క తప్పు కూడా దాటిపోని కళ్ళు’ అన్న మాటని ఇప్పుడు పేజీకి శీర్షికగా, పెద్ద అక్షరాల్లో, అన్నిటికంటే పైన పెట్టాం. పక్కన మీ కళ్ళజోడు బొమ్మ. బొమ్మ వేసింది ‘ఎందుకు’. కళ్ళజోడు ఒక పుల్ల దారంతో కట్టి ఉన్నట్టు వేసింది, అలాగే ఉంటుందని పిట్ట చెప్పిందట.

పేజీని తీసేయడం మాత్రం కుదరదు. తీసేయాలంటే కారణం మార్పుల పేజీలో రాయాలి, ఆ పేజీ రాసిన మనిషే రాయాలి. ‘పరుపులు’ అనేది కారణంగా పనికిరాదని తరగతి తీర్మానించింది.

వచ్చే శనివారం ఉదయం వెబ్‌సైటుని తల్లిదండ్రులకీ, వీధిలోని అందరికీ చూపిస్తున్నాం. మీరే ముఖ్య అతిథి. కాదనకండి.

నమస్కారాలతో,
పిట్ట టీచరు

తా.క. పిట్ట మీ గురించి ఐదు నిమిషాలు మాట్లాడబోతోంది. అద్దం ముందు సాధన చేస్తోందట. మీకు చెప్పొద్దంది. నేను చెప్పలేదు.


బుధవారం, ఉదయం

టీచరమ్మ గారికి,

మీ బడికి మా ఇంటినుంచి ఐదు నిమిషాల నడక. అయినా ఈ ఉత్తరాన్ని స్టాంపు అంటించి పోస్టులో వేస్తున్నాను. పిట్ట సంచిలో పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ పేరా నాకు కనబడలేదనుకున్నారా? కనబడింది. పెన్ను మూత తీసి దాని మీద పెట్టాను కూడా. రెండోసారి పడిన వాక్యాన్ని కొట్టేస్తే మొదటి వాక్యం మిగులుతుంది. అది నా చేత్తో నేను ఒప్పుకున్నట్టు అవుతుంది. మొదటిదాన్ని కూడా కొట్టేస్తే ఎందుకని పిట్ట అడుగుతుంది. మూత పెట్టేశాను.

ముప్పై ఒక్కేళ్ల కిందటి మాట. మా ఆఫీసులో ఒక కంపోజిటర్ ఉండేవాడు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి వరసలు పేర్చడం అతని పని. ఆ చెయ్యి కదిలే వేగానికి అందరం అతన్ని మెరుపు అనేవాళ్లం. పదకొండేళ్లు ఇద్దరం ఒకే బల్ల మీద ఎదురెదురుగా భోజనం చేశాం. నాకు కూర బాగుంటే అతనికి, అతనికి బాగుంటే నాకు.

ఆ రోజు మంగళవారం. నా బల్ల మీద ఒక పెద్ద కవిగారి పుస్తకం ప్రూఫులు ఉన్నాయి. వాటి మధ్యలోకి బస్టాండు గోడకి అంటించే టైంటేబుల్ ప్రూఫు వచ్చింది. అన్నీ అంకెలే. ఎడమవైపు ఉదయం బస్సులు, కుడివైపు సాయంత్రం బస్సులు. కవిత్వం దిద్దే మనిషిని నేను బస్సులు లెక్కపెట్టాలా అనుకున్నాను. అవును, సరిగ్గా ఆ మాటే అనుకున్నాను. చదవకుండా రెండు ప్రతుల మూలనా సంతకం పెట్టి, ఒకటి సొరుగులో పడేసి, రెండోది పంపేశాను.

అచ్చయింది, అంటించారు. ఉదయం బస్సులు సాయంత్రం వరసలో, సాయంత్రం బస్సులు ఉదయం వరసలో. ఆ వారమంతా ఊరు తలకిందులైంది. ఒక పెళ్లికొడుకు సామానుతో సహా పొద్దుట నుంచి పొద్దుగూకే దాకా బస్టాండులో కూర్చున్నాడు. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది. అప్పుడు మా యజమానికి రాలేదు. ఇద్దరినీ పిలిచాడు. మెరుపు వెంటనే, “నా చేతి తప్పండి” అన్నాడు. యజమాని నావైపు తిరిగి, “మరి నీ కళ్ళేం చేస్తున్నాయి?” అన్నాడు. ‘నేను చదవలేదు’ అని ఒక్క ముక్క చెప్పాలి. అది నా నోట్లోంచి రాలేదు. ఆ సాయంత్రమే మెరుపుని పనిలోంచి తీసేశారు. వెళ్తూ నా బల్ల దగ్గర ఆగాడు. నేను కాగితంలోంచి తల ఎత్తలేదు.

తర్వాత అతనికి ఎక్కడ పని దొరికిందో తెలుసా? ఆ బస్టాండులోనే, విచారణ కిటికీలో. ఏ బస్సు ఎన్నింటికో చెప్పే పని. ఇరవై ఆరేళ్లు చేశాడట. ఆ ఇరవై ఆరేళ్లూ, ఆ తర్వాతా నేను బస్టాండులో అడుగుపెట్టలేదు. ఎక్కడికి వెళ్లాలన్నా మలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపి బస్సు ఎక్కేవాణ్ణి. మా ఇంట్లో వాళ్లు నాకు జనం పడదనుకున్నారు.

పిట్ట నన్ను అడిగినప్పుడు తేలిగ్గా చెప్పేశాను, కంపోజిటర్ తప్పని. ఇన్నేళ్లుగా అదే చెబుతూ వచ్చాను కదా, నాలుక దానికి అలవాటు పడిపోయింది. అది కళ్ళు పెద్దవి చేసి రాసుకుంది.

కాబట్టి దిద్దండి. తప్పు నాదని రాయండి. కానీ పిట్టకి తెలియకుండా దిద్దండి. అది నన్ను చూసే చూపు ఒకటుంది. అది పోతుందేమోనని నాకు భయంగా ఉంది. ఇంతకంటే మర్యాదగా ఈ మాట చెప్పడం నాకు రాలేదు.

ఇట్లు,
తాతయ్య

తా.క. ఈ ఉత్తరంలో తప్పులుంటే అలాగే ఉంచండి. మళ్ళీ చదివితే పోస్టులో వేయలేను.


గురువారం, సాయంత్రం

తాతయ్య గారికి,

మీ ఉత్తరం నా దగ్గరే ఉంది. పిట్టకి చూపించలేదు. కానీ మీరు అడిగినట్టు చేయడం నా వల్ల కాదు. ఆ పేజీ పిట్టది. పిట్ట మారిస్తేనే మారుతుంది. ఇంటిపని ఇంకొకరి చేత చేయించి తెచ్చినట్టు నేను దొంగచాటుగా దిద్దితే, ఈ మూడు నెలలుగా పిల్లలకి నేర్పిందంతా అబద్ధమవుతుంది. పిట్టకి మీరే చెప్పాలి.

రెండో నియమం కూడా మీకు తెలుసు. ఒక నోరు చాలదు. అందుకని నేనొక పని చేశాను, కోప్పడకండి. బడి అవగానే బస్టాండుకి వెళ్లాను. విచారణ కిటికీలో ఉన్నాయన మెరుపు గారి పేరెత్తగానే మొహం వెలిగించుకుని చిరునామా చెప్పారు. ఇక్కడికి మూడో స్టాపులో, సైకిల్ కొట్టు మేడ మీద ఉంటున్నారు. మీ అనుమతి లేకుండా మీ ఉత్తరం ఆయనకి చూపించాను.

ఆయన రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి, కాగితం మడిచి నా చేతిలో పెట్టి, “ఈ సవరణ తప్పమ్మా, నేను ఒప్పుకోను” అన్నారు. మరి ఒప్పు ఏదని అడిగితే, “అది ఆయనకే చెబుతాను” అన్నారు. శనివారం పది గంటల పది నిమిషాల బస్సుకి వస్తున్నారు. మీరు సంతకం పెట్టిన ప్రూఫులు ఇంకా దాచుకున్నారా అని అడిగారు. ఉంటే ఆ రోజుది తీసుకురమ్మన్నారు.

ఇంకొక సంగతి చెప్పాలి. పిల్లల కోసం మార్పుల పేజీ పెట్టింది నేనే. మూడు నెలలుగా అందులో నా పేరు మీద ఒక్క వాక్యం లేదు. ఇవాళ పిల్లల ముందే కూర్చుని రాశాను: ‘రెండో మనిషిని అడగకుండా ఒక వాక్యాన్ని శీర్షికగా పెట్టించాను. తప్పు నాది. తీసేస్తున్నాను.’ రాస్తుంటే చెవులు వేడెక్కాయి. పిల్లలతో రోజూ ఇంత కష్టమైన పని చేయిస్తున్నానని నాకు ఇన్నాళ్లూ తెలియలేదు. పిట్ట మీ గురించి మాట్లాడడాన్ని కూడా రెండో నోరు దొరికేదాకా వాయిదా వేశాను.

నమస్కారాలతో,
పిట్ట టీచరు

తా.క. వాచ్‌మన్ అడగమన్నాడు. ఎనిమిదో తరగతి లెక్కల పేపర్లు ఉన్నాయట, కావాలా అని.


శనివారం, సాయంత్రం

టీచరమ్మ గారికి,

పొద్దున మీ తరగతిలో మా ఇద్దరి ఘనకార్యం చూశారు కదా. నలభై మంది జనం ముందు ఇద్దరు ముసలివాళ్లు పక్కపక్కన కూర్చుని, ఒకరు పైకప్పునీ మరొకరు చెప్పుల్నీ చూసుకున్నారు. మెరుపు నోరు విప్పి చెప్పిందల్లా, “ఈ మధ్య బస్సులు బాగానే నడుస్తున్నాయి” అని. ‘ఎందుకు’ కూడా మమ్మల్ని చూసి ఎందుకని అడగలేదు, జాలిపడి ఉంటుంది.

తర్వాత జరిగింది మీకు తెలియాలి. ఇద్దరం నడుచుకుంటూ బస్టాండుకి వెళ్లాం. అవును, నేను లోపలికి అడుగుపెట్టాను. బెంచీ మీద కూర్చున్నాక అతను, “తెచ్చావా?” అన్నాడు. తెచ్చాను. సంతకం పెట్టిన ప్రతి ప్రూఫూ నా పెట్టెలో ఉంటుంది. ఆ ఒక్క కట్టకి కట్టిన తాడు మాత్రం ముప్పై ఒక్కేళ్లుగా విప్పలేదు. అతనే విప్పాడు.

ఎడమవైపు ఉదయం. కుడివైపు సాయంత్రం. అన్నీ సరిగ్గా ఉన్నాయి టీచరమ్మ గారూ. మూలన నా సంతకం. నేను చదవకుండా ఒప్పుకున్న కాగితంలో ఒక్క తప్పు కూడా లేదు.

అప్పుడు మెరుపు చెప్పాడు. నా సంతకం పడ్డాక, పేర్చిన అక్షరాల పలకని మెషీను దగ్గరికి మోసుకెళ్తుంటే చేతిలోంచి జారిందట. రెండు వరసలూ నేల మీద చెల్లాచెదురు. యజమాని వచ్చేలోపల పేర్చాలని గబగబా ఏరి, అటుది ఇటు ఇటుది అటు పేర్చేశాడు. మళ్ళీ ప్రూఫు తీసి నాకు పంపాలి. పంపితే పడేసిన సంగతి బయటపడుతుందని పంపలేదు. “యజమాని నిన్ను అడిగినప్పుడు, సొరుగులోంచి ఈ కాగితం తీసి, నా వరకు సరిగ్గానే ఉందండీ అని నువ్వు అనొచ్చు. నా పరువు కోసం మాట్లాడకుండా మాట పడ్డావు. ఆ మొహంతో నీకెలా కనబడను? వెళ్తూ థాంక్స్ చెబుదామని ఆగాను. నువ్వు తల ఎత్తలేదు. నీకు కోపం వచ్చిందనుకున్నాను” అన్నాడు.

అతన్ని చూడలేక నేను బస్టాండు మానేశాను. నన్ను చూడలేక అతను మా వీధి మానేశాడట, ఇంటికి చుట్టు తిరిగి వెళ్లేవాడట. నన్ను అతను గొప్పవాడనుకుంటూ, అతన్ని నేను అలాగే అనుకుంటూ ముప్పై ఒక్కేళ్లు తప్పించుకు తిరిగాం. ఆ మంగళవారం సంతకం పెట్టిన కాగితాన్ని, యజమాని అడిగిన సాయంత్రమైనా నేను ఒక్కసారి సొరుగు లాగి చూసుకుని ఉంటే సరిపోయేది. తప్పు కనబడుతుందని భయపడి చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. అతనికీ వచ్చింది. కిటికీలో ఉన్న కుర్రాడు ఏ ఊరి బస్సు కావాలని మైకులో అడిగాడు.

ఇంటికొచ్చి పిట్టకి అంతా చెప్పాను, అతని ఎదురుగానే. అది నావైపు తిరిగి, “అయితే నువ్వు నాకు అబద్ధం చెప్పావా?” అంది. “చెప్పాను” అన్నాను. లేచి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది. పేజీ తీసేస్తుందేమో అనుకున్నాను. నన్ను పిలిచి చూపించింది. ఇలా రాసింది:

“బస్సుల టైంటేబుల్ విషయంలో రెండు తప్పులు జరిగాయి. ఒకటి ఊరందరికీ కనబడింది. ఇంకొకటి మా తాతయ్యకి మాత్రమే తెలుసు. ఆయన చదవకుండా సంతకం పెట్టారు. ఆ కాగితం సరిగ్గా ఉండడం ఆయన అదృష్టం. చెప్పినవారు: మా తాతయ్య (రెండోసారి), ఆయన స్నేహితుడు (మొదటిసారి).”

మార్పుల పేజీలో కారణం అన్నచోట, ‘ముందు ఒక్కరినే అడిగాను’ అని రాసింది. పాత పేరాని పక్కనే ఉంచింది. ఉంచమని నేనే చెప్పాను. నా మార్పు అదీ.

తర్వాత నా కళ్ళజోడు తీసుకుని, తన గౌను అంచుతో తుడిచి, మళ్ళీ నా ముక్కు మీద పెట్టింది. ఆ చూపు ఎక్కడికీ పోలేదు టీచరమ్మ గారూ. కొంచెం మారింది. ఇదివరకు నన్ను తల ఎత్తి చూసేది. ఇప్పుడు పక్కన కూర్చుని చూస్తోంది.

ఇట్లు,
పిట్ట తాతయ్య

తా.క. ఇరవై ఆరేళ్లు ఊరందరికీ బస్సుల వేళలు చెప్పిన మనిషి బెంచీ మీద కూర్చుని కబుర్లలో పడి, కళ్ళముందు నుంచే వెళ్లిన తన బస్సుని వదిలేసుకున్నాడు. అందుకని మా ఇంట్లో ఉన్నాడు. కూర నాకు బాగుంది, అతనికి ఇచ్చాను. ఈ ఉత్తరం కింద రెండో నోరు సంతకం కావాలి కదా, కాగితం అతనికి ఇస్తున్నాను.

తా.క. 2. టీచరమ్మ గారికి నమస్కారం. ఇది మెరుపు చేతిరాత. పై ఉత్తరంలో ఒక తప్పు ఉంది. ఆ రోజు మంగళవారం కాదు, గురువారం. మిగతా అంతా సరిగ్గా ఉంది. చదివాకే సంతకం పెడుతున్నాను.